హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2

హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2 అనేది కంప్యూటరు ఆటల కొరకు తయారైన, తీగ గల హెడ్‌సెట్. కింగ్‌స్టన్ సంస్థ దీనిని 2015లో విడుదల చేసింది. హైపర్‌ఎక్స్ విభాగాన్ని 2021లో హెచ్‌పీ సంస్థ కొనుగోలు చేసింది.

ఇటువంటి హెడ్‌సెట్లలో సౌకర్యాన్నీ ధ్వని నాణ్యతనూ విడివిడిగా అంచనా వేయలేము. విడుదలైనప్పుడు దీనితో రెండు జతల చెవిమెత్తలు వచ్చేవి. కృత్రిమ తోలు మెత్తలు చెవి చుట్టూ గాలి చొరకుండా మూసి, మంద్రధ్వనులను నిలుపుతాయి, కాని వేసవిలో చెమట పట్టిస్తాయి. మఖమలు వంటి గుడ్డతో చేసిన మెత్తలు చల్లగా ఉంటాయి, మంద్రధ్వనులు మాత్రం కొంత తగ్గుతాయి. కళ్ళజోడు కాడల వద్ద ఏర్పడే సందు వలన కూడా ఇదే జరుగుతుంది. కావున కళ్ళజోడు ధరించేవారు దానితోనే, కనీసం రెండు గంటలు పెట్టుకొని చూడవలెను. దుకాణంలో పది నిమిషాల పరీక్ష చాలదు.

ప్రతి చెవికీ 53 మి.మీ. స్పీకరు ఒక్కటే ఉన్నది. "7.1" అనునది యుఎస్‌బి పెట్టెలో జరిగే గణనమే కాని, ఎనిమిది స్పీకర్లు కావు. కళ్ళు మూసుకొని, ఆటలో అడుగుల చప్పుడు ఏ దిక్కునుండి వస్తున్నదో దానిని వేసీ, తీసీ పోల్చవచ్చు. పోల్చునపుడు శబ్దస్థాయి సమానంగా ఉండాలి, ఎందుకనగా బిగ్గరగా వినబడేదే మేలైనదిగా తోచుతుంది. పాటలకు దానిని ఆపివేయుటే మంచిది.

ప్రకటిత అవధి 15 నుండి 25,000 హెర్ట్జ్. మానవుని వినికిడి సుమారు 20,000 వద్దనే ఆగిపోతుంది గనుక, ఈ అంకెను బట్టి నాణ్యత తెలియదు.