జానెడు విమానం మీద నిజాం పేరు

బోధన్‌, వర్ని, చందూర్‌ వైపు నిజాం పేరు చెబితే గుర్తొచ్చేవి రెండు. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ ఒకటి. 1937లో బోధన్‌లో పెట్టిన, 2015లో ఆగిపోయిన చక్కెర ఫ్యాక్టరీ మరొకటి. ఆ పేరు మోసింది ఇంకోటి కూడా ఉంది. అయితే అది నేల మీద కాదు... ఆకాశంలో!

మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజులవి. ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్‌ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు 'డీహెచ్‌ 9ఏ' బాంబర్లు వచ్చాయి. పైనొకటి, కిందొకటి రెక్కలున్న ఇద్దరు మనుషుల విమానాలవి. ప్రతిదాని మీదా 'నిజాం కానుక' అని ఇంగ్లిష్‌లో రాయించారు. దళానికే 'హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌' అన్న పేరు స్థిరపడింది.

బొమ్మ విమానాలు కట్టే సరదా ఉన్నవాళ్లకు మన కథే చెప్పే విమానం ఇంతకన్నా ఏం దొరుకుతుంది? అసలుది రెక్క చివరి నుంచి చివరికి 14 మీటర్లు. డెబ్భై రెండో వంతుకు కుదిస్తే 19 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే దాదాపు జానెడు!

ప్లాస్టిక్‌ ముక్కల్ని ముందుగా సబ్బునీళ్లతో కడగాలి. జిడ్డుంటే రంగు పట్టదు. అతుకుల్ని సన్నటి గరుకు కాగితంతో రుద్దాలి. మామూలు విమానమైతే అంతా అతికించాకే రంగు వేయొచ్చు. దీనికలా కుదరదు. పై రెక్క బిగించాక మధ్యలోకి కుంచె దూరదు. అందుకే రెక్కలకు విడివిడిగా రంగు వేసి, కింది రెక్క, నిలువు కర్రలు, పై రెక్క... ఈ వరసలో నిలబెట్టాలి. కర్రల మధ్య బిగుతు తీగలకు సన్నటి నైలాన్‌ దారం సరిపోతుంది.

అసలు పరీక్ష కామోఫ్లాజ్‌ రంగు దగ్గరే. అప్పటి విమానాల రెక్కలకు నారబట్ట తొడిగేవారు. దాని పైభాగానికి పూసిన రంగు పేరు 'పీసీ 10'. పై నుంచి చూసే శత్రువుకు విమానం పొలాల్లో కలిసిపోవాలి, ఎండకు బట్ట పాడవకూడదు. ఈ రెండూ దాని పనులే. కింది వైపు మాత్రం లేత మీగడ రంగు బట్టను అలాగే వదిలేసేవారు. ఇంతకీ పీసీ 10లో ఏముంది? పచ్చమట్టి రంగు, దీపపు మసి! పసుపూ నలుపూ కలిస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుందంటే పిల్లలు నమ్మరు. వాటర్‌కలర్స్‌తో కలిపి చూపించండి. అయితే ఆ రంగు ఒకేలా ఉండేది కాదు. ఒకచోట ముదురాకుపచ్చ, ఒకచోట చాక్లెట్‌ గోధుమ. కాబట్టి 'ఇదే సరైన రంగు' అని పట్టుబట్టక్కర్లేదు. పలచగా రెండు మూడు పూతలు వేసి, ఎండ ఎక్కువ తగిలే చోట కాస్త వెలిసినట్టు చూపిస్తే ప్రాణం వస్తుంది.

ఆరాక మెరిసే వార్నిష్‌, దాని మీద నీళ్లలో నానబెట్టి అంటించే వలయాల గుర్తులు, చివరగా మెరుపు తగ్గించే పూత. ఇక మిగిలేది పక్కన రాసే ఆ చిన్న అక్షరాలు. చాలామంది విసుగుపుట్టి వదిలేసేది అక్కడే. మనం వదలకూడనిదీ అదే!

ఎందుకంటే 1918 శరత్కాలంలో జర్మనీ మీదకు వెళ్లిన ఆ విమానాల్లో తిరిగిరానివి ఎన్నో. అక్టోబరు 5న 'ఎఫ్‌ 1010' శత్రువుల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. ఆ విమానం బెర్లిన్‌ మ్యూజియానికి, అక్కణ్నుంచి పోలండ్‌కూ చేరింది. 1977లో బ్రిటన్‌ దాన్ని తిరిగి తెచ్చుకుంది. లండన్‌ హెండన్‌లోని రాయల్‌ ఎయిర్‌ఫోర్స్‌ మ్యూజియం దాన్ని భద్రపరిచింది.

నిజాం ఖజానాకు ప్రధాన ఆదాయం భూమి శిస్తు. అంటే ఆ కానుక వెనక పేరులేని తెలంగాణ రైతులూ ఉన్నారు. దానిచ్చింది ఎవరో విమానం మీద రాశారు. దానికోసం చెమటోడ్చింది ఎవరో రాయలేదు. బొమ్మ పూర్తయ్యాక ఇంట్లో పిల్లలకు ఆ అక్షరాలు చూపిస్తూ, రాయని ఆ మాట కూడా చెప్పండి.