రాళ్ల కింద కథ చదివినవాడు

కృష్ణ ఒడ్డున ముడుమాల్ దాటి చేలల్లోకి దిగితే నిలువురాళ్లు ఎదురవుతాయి. ఒక్కోటి పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు. వాటిలో ఒక రాయికి పసుపు, కుంకుమ పెడతారు. ఊరివాళ్లకు అది ఎల్లమ్మ. నారాయణపేట జిల్లాలోని ఈ రాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఒక నవలాకారుడు గుర్తొస్తాడు. ఇదే నదికి ఎగువన, కృష్ణకూ భీమకూ నడుమనున్న సురపురం సంస్థానంలో, ఇలాంటి రాళ్ల దగ్గరే ఆయన ఏళ్ల తరబడి గడిపాడు. పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. 1876 మే 13న కన్నుమూశాడు. 2026 మే 13కి సరిగ్గా 150 ఏళ్లు.

పుట్టింది 1808లో, లివర్‌పూల్‌లో. బొంబాయిలో ఒక వర్తకుడి దగ్గర పని నేర్చుకోవడానికి ఓడెక్కేనాటికి పదిహేనేళ్లు. అక్కడ నిలవలేదు, నిజాం కొలువులో చేరాడు. హైదరాబాద్‌లో పేరుమోసిన షాహుకారు విలియం పామర్ కూతురు మేరీని పెళ్లాడాడు. 1839లో వచ్చిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలతో ఇంగ్లండు అంతటా ఆయన పేరు మారుమోగింది. అది అచ్చవుతుండగానే విక్టోరియా రాణి ప్రూఫులు తెప్పించుకుని చదివింది. ‘తార’, ‘సీత’ లాంటి నవలలు ఆ తర్వాతి మాట.

1841లో ఆయన్ను సురపురం పంపారు. రాజా వెంకటప్ప నాయక్ అప్పటికి చిన్నపిల్లవాడు. ఆ కుర్రవాడి తరఫున సంస్థానం వ్యవహారాలు చూడటం టేలర్ పని. కుర్రవాడు ఆయన్ను ‘అప్పా’ అని పిలిచేవాడు. అక్కడ పన్నులు, తగవులు చూసుకుంటూ ఊళ్ల మీద తిరుగుతున్నప్పుడే ఆ రాళ్లు కంటపడ్డాయి. రాజన్‌కొల్లూరులో బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన గూళ్లు. జేవర్గిలో గుండ్రంగా రాళ్లు పేర్చిన సమాధులు. విభూతిహళ్లిలో మైదానమంతా వరుసల మీద వరుసలుగా గుండ్లు.

ఊళ్లలో వీటికి చెప్పే కథలు నాకు మహా ఇష్టం. కన్నడ సీమలో వీటిని ‘మోరేర మనె’ అంటారు, మరుగుజ్జుల ఇళ్లని. మన వైపు రాకాసి గుళ్లు, పాండవుల గుళ్లు. ఒక చోట మరీ పొట్టివాళ్లు, ఇంకో చోట మరీ పొడుగువాళ్లు. మనంత ఎత్తున్న మామూలు మనుషులు ఆ బండలు ఎత్తి ఉంటారన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

టేలర్ కూడా అక్కడే తడబడ్డాడు. చదువుకున్నవాడు కనక ఆయన పొరపాటు దూరాన్నుంచి వచ్చింది. ఇవి కెల్టులవి, డ్రూయిడ్లవి, సిథియన్లవి అనుకున్నాడు. ఐర్లండులో, ఇంగ్లండులో ఉన్నవాటికి, దక్కన్‌లో ఉన్నవాటికి రూపం కలిసింది కాబట్టి కట్టినవాళ్లూ ఒకటేనని నమ్మాడు. ఇప్పుడు ఆ వాదానికి విలువ లేదు. దక్కన్‌లోని ఈ సమాధుల్లో చాలావరకు ఇనుము వాడకం తెలిసిన జనాలవి, క్రీస్తుకు పూర్వం వెయ్యేళ్ల కాలం నాటివి. వాళ్లు ఈ నేల మీద బతికినవాళ్లు.

మరి వాదం వీగిపోయినవాణ్ణి ఎందుకు తలుచుకోవాలి? ఆయన గీసిన బొమ్మల కోసం. జేవర్గిలో సమాధిని తవ్వించాక, ఆ గుంతను నిట్టనిలువునా కోసి చూపినట్టు ఒక పటం గీశాడు. పైన రాళ్ల కుప్ప. దాని కింద మట్టి. మట్టిలో అడ్డదిడ్డంగా పడి ఉన్న అస్థిపంజరాలు, మొండేల నుంచి విడిపోయిన పుర్రెలు. అట్టడుగున బండలతో కట్టిన పెట్టె. దొరికినవాటిని బయటికి తీసి బల్ల మీద పేర్చి మురిసిపోయే రోజులవి. ఏ పొరలో ఏముంది, దేని మీద ఏది పడిందన్నది ఆయన పట్టించుకున్నాడు. ముందు ఎవరిని పడుకోబెట్టారు, ఆ తర్వాత ఏం జరిగిందన్నది నవల రాసేవాడికి పుట్టే ప్రశ్న. ఆ ప్రశ్నే ఆయన చేత ఆ పటం గీయించిందని నా నమ్మకం. తలలు వేరుగా ఉండటం చూసి నరబలి అన్నాడు. అది ఆయన ఊహ. ఎముకలు ఎక్కడున్నాయో మాత్రం ఉన్నచోటే గీశాడు.

వందేళ్ల తర్వాత ఆ పటానికి దక్కాల్సిన మర్యాద దక్కింది. 1947లో బ్రహ్మగిరి తవ్వించిన మోర్టిమర్ వీలర్ తవ్వకాల విద్యలో మహా కఠినుడు, పాతకాలపు తవ్వకాలను ఏమాత్రం మన్నించేవాడు కాదు. అలాంటివాడు 1954 నాటి తన పుస్తకంలో టేలర్ పటాలను మెచ్చుకున్నాడు. అంతకుముందే, 1872లో, ఫెర్గుసన్ ప్రపంచంలోని మొరటు రాతి కట్టడాల మీద రాసిన పుస్తకంలోకి రాజన్‌కొల్లూరు చేరింది. ఈ రాళ్ల మీద టేలర్ రాసిన వ్యాసాలను 1941లో హైదరాబాద్ పురావస్తు శాఖ మళ్లీ అచ్చువేసింది. విభూతిహళ్లి గుండ్ల వరుసలకూ సూర్యుడి రాకపోకలకూ ఉన్న పొంతనను మన కాలంలో ఖగోళ శాస్త్రవేత్త ఎన్. కామేశ్వరరావు పరిశీలించారు.

దొరతనం నీడ పడని జీవితం కాదు ఆయనది. 1858లో వెంకటప్ప నాయక్ బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడి పట్టుబడ్డాడు. టేలర్ జైలుకు వెళ్లి చూసొచ్చాడు. మరణశిక్ష తగ్గి చివరికి నాలుగేళ్ల ఖైదయింది. ఖైదుకు తీసుకెళ్తుండగా దారిలో ఆ యువకుడు తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. టేలర్ 1860లో దేశం విడిచాడు. 1875లో నిజాం ప్రధాని సాలార్‌జంగ్ పిలిస్తే చూపు మందగించిన కళ్లతో హైదరాబాద్ వచ్చాడు. తిరుగు ప్రయాణంలో, ఫ్రాన్స్ తీరాన మెంటన్‌లో, పోయాడు.

మన రాకాసి గుళ్లను అంత ఓపికగా గీసినవాళ్లు ఎందరు? గుప్తనిధులంటూ రాత్రిళ్లు తవ్వేవాళ్లు కొందరు, కంకరకు కొట్టేవాళ్లు కొందరు, వెంచర్ కోసం జేసీబీతో చదును చేసేవాళ్లు ఇంకొందరు. గుండ్ల వలయంలోంచి ఒక్క గుండు కదిలితే కొలత పోయినట్టే. మళ్లీ తెచ్చి పెట్టినా అది పాత చోటు కాదు.

కిందటిసారి ముడుమాల్‌లో గట్టు మీద కూర్చుని నోటు పుస్తకంలో రాళ్లు గీస్తున్నాను. గొర్రెలు కాసే పెద్దాయన వచ్చి భుజం మీదుగా చాలాసేపు చూశాడు.

“దీంట్ల ఒక రాయి తక్కువైంది సార్,” అన్నాడు.

లెక్కపెట్టాను. సరిపోయింది. ఆయన కర్రతో గట్టు అవతలికి చూపించాడు. గడ్డిలో పడిపోయి, సగం మట్టిలో కూరుకుపోయిన పొడుగాటి రాయి. తల మాత్రమే బయటికుంది. గట్టు దిగి వెళ్లి, అడుగులతో కొలిచి, గీసుకున్నాను.