ఏసీ కొనడం ఒక పూట పని... బిగింపే అసలు పని
ఎర్తు లేని ఇంట చల్లదనం ప్రాణాల మీదకు తెస్తుంది

రెంటచింతల: (మా విలేకరి)

ఎండలకు పేరుమోసిన పల్నాడులో ఒకప్పుడు వేసవి వచ్చిందంటే వేపచెట్టు నీడ, తాటాకు పందిరి, తడిపిన వట్టివేళ్ళ తడికె ఇవే దిక్కు. నాపరాళ్ళ మిద్దెలు పగలంతా తాగిన వేడిని తెల్లవార్లూ కక్కుతుంటే జనం మంచాలు బజార్లో వేసుకుని పడుకునేవారు. ఇప్పుడు మిరప పంట కలిసొచ్చిన రైతు ఇంట్లోనూ, నెల జీతం వచ్చే ఇంట్లోనూ గోడకు ఏసీ కనిపిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గడంతో కొనేవారికి కొంత వెసులుబాటు కూడా కలిగింది.

ఎద్దును కొనేటప్పుడు పళ్ళు లెక్కబెట్టినట్టే ఏసీ కొనేటప్పుడూ మనవాళ్ళు నలుగురిని అడిగి, నాలుగు షాపులు తిరిగి కొంటున్నారు. బిగించేటప్పుడు మాత్రం వచ్చిన కుర్రాడు ఏం చేస్తున్నాడో చూడకుండా కాఫీ ఇచ్చి పంపేస్తున్నారు. ఈ విలేకరి ఇంట్లో జరిగింది కూడా ఇదే.

మూడు వేసవుల అనుభవం

మూడేళ్ళ కిందట మే నెలలో, వడగాలికి నాన్న సొమ్మసిల్లి పడిపోయిన మర్నాడు, ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాం. ఆ రోజు ఆరు ఇళ్ళు ఒప్పుకున్న కుర్రవాడు గంటలో మా ఇంటి పని ముగించాడు. బయటి పెట్టెను మిద్దెమీద, నీడ లేనిచోట కూర్చోబెట్టాడు. ఎర్తు తీగను ప్లగ్గుదాకా తెచ్చాడు గాని, మా ఇంటికి అసలు ఎర్తు గుంటే లేదన్న సంగతి అతను అడగలేదు, మేము చెప్పలేదు.

ఆ వేసవి గడిచింది. రెండో ఏడు చల్లదనం తగ్గింది. 'గ్యాసు అయిపోయింది' అని చెప్పి ఒకరు రెండున్నర వేలు తీసుకుని నింపారు. పదిహేను రోజులకు మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకొకరు వచ్చి మళ్ళీ నింపారు. మూడో వేసవిలో మాచర్ల నుంచి పెద్దవయసు మెకానిక్ ఒకాయన వచ్చి సబ్బు నురుగు తెమ్మన్నారు. గొట్టం బిగించిన నట్టు దగ్గర నురుగు రాసేసరికి బుడగలు లేచాయి. నట్టు చుట్టూ నూనె జిడ్డు కూడా ఉంది.

'గ్యాసు తాగే వస్తువు కాదు బాబూ, మోటారు సైకిల్లో పెట్రోలులా అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారేచోటు మూయకుండా నింపితే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే' అన్నారాయన. రెండుసార్లు మేము పోసింది చిల్లు కుండలోనే.

ఆ ఏడే ఏప్రిల్‌లో అంతకన్నా పెద్ద ప్రమాదం తప్పింది. వడియాలు పెట్టడానికి మిద్దె ఎక్కిన అమ్మ తడి చెయ్యి బయటి పెట్టెకు ఆనించింది. 'ఒరే నాయనా, పెట్టె జివ్వుమని లాగిందిరా' అంటూ కిందికొచ్చింది. ఎలుకలు తీగపై తొడుగు కొరికేయడంతో పెట్టె రేకంతటికీ కరెంటు పాకింది. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోయేది. మిద్దె కాలుతోందని ఆమె రబ్బరు చెప్పులు వేసుకుని ఎక్కింది. ఆ చెప్పులే లేకపోతే ఈ కథ ఇంకో తీరుగా రాయవలసి వచ్చేది.

వేడిని తోడే మోటారు

ఏసీ చలిని తయారుచేస్తుందనుకోవడం పొరపాటు. బావిలోని నీటిని మోటారు తోడి పొలంలో పోసినట్టే, ఇది గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. రాగి గొట్టాల్లో తిరిగే గ్యాసు గదిలో వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసరు దాన్ని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. ఫ్యాను ఆ వేడిని గాలిలోకి విసురుతుంది. అందువల్ల బయటి పెట్టెకు గాలి ఆడకపోతే లోపలి పెట్టె ఎంత తిరిగినా ప్రయోజనం లేదు.

టన్ను అంటే యంత్రం బరువు కాదు, తోడే వేడి లెక్క. ఒక టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి. అమెరికా కొలతలో ఒక టన్ను, అంటే 907 కిలోల మంచుగడ్డను ఒక రోజులో కరిగించడానికి పట్టే వేడి అంత. మంచుగడ్డలతో చల్లబరిచిన రోజుల నుంచి వచ్చిన లెక్క ఇది. మొదటి నవీన ఏసీని విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు 1902లో రూపొందించింది కూడా మనుషుల సుఖానికి కాదు. న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో కాగితం చెమ్మకు సాగకుండా ఉండడానికి!

చలి దేశాల్లో ఇదే యంత్రం చలికాలంలో వెనక్కి తిరుగుతుంది. బయటి గాలిలోని కొద్దిపాటి వేడిని తోడి ఇంట్లో పోస్తుంది. దాన్ని హీట్ పంపు అంటారు. అక్కడ ఉంటున్న మన పిల్లల్లో కొందరి ఇళ్ళను వెచ్చగా ఉంచేది ఇదే. అక్కడ చలికి ముందొకసారి, ఎండలకు ముందొకసారి మనిషిని పిలిచి దాన్ని చూపించుకోవడం పద్ధతి. మనకు ఒకే రుతువు బాధ గనుక ఏడాదికి ఒక్కసారి శ్రద్ధగా చూసుకున్నా చాలా మేలు.

బిగించేటప్పుడు దగ్గరుండాలి

రాగి గొట్టాలు కలిపాక లోపల మిగిలిన గాలిని, చెమ్మను వ్యాక్యూమ్ పంపుతో లాగేయాలి. దీనికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. పంపు ఆపాక మీటరు ముల్లు కదలకుండా నిలబడితే గొట్టం గట్టిదని అర్థం. అప్పుడే గ్యాసు వదలాలి. పంపు తేకుండా, గ్యాసునే కాస్త బయటికి వదిలి గాలి పోయిందనిపించే వారుంటారు. లోపల మిగిలిన చెమ్మ కంప్రెసరు ఆయుష్షును తినేస్తుంది. కనుక మెకానిక్‌ను ముందే అడగండి: వ్యాక్యూమ్ పంపు తెస్తున్నారా, లేదా?

గొట్టం గట్టిదనం పరీక్షించడానికి నైట్రోజన్ మాత్రమే వాడాలి. వెల్డింగు షాపు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెస్తే వెంటనే ఆపేయండి. కంప్రెసరులోని నూనెకు ఆక్సిజన్ ఒత్తిడి తోడైతే పేలిపోతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా అంటుకునే గుణం ఉంది. పని జరుగుతుండగా బీడీ, అగ్గిపుల్ల దరిచేరనీయకూడదు. ఏ గ్యాసు అన్నది యంత్రం మీది చీటీలో రాసి ఉంటుంది. ఒకదానిలో మరొకటి నింపరాదు.

బయటి పెట్టెకు నీడ ఉంటే మంచిదే గాని నాలుగు వైపులా మూసేయరాదు. ఉత్తరపు గోడ, లేదా పైన రేకు కప్పి పక్కలు తెరిచిన చోటు మేలు. లోపలి పెట్టె నుంచి నీరు పోయే గొట్టం ఎక్కడా పైకి లేవకుండా వాలుగా దిగాలి.

ఎర్తు సంగతి

పల్నాడులో చాలాచోట్ల రెండడుగులు తవ్వితే నాపరాయి తగులుతుంది. అందుకని కొందరు మేకు పాతి తీగ చుట్టేస్తారు. మరికొందరు ఎర్తు తీగను న్యూట్రల్‌కు కలిపి చేతులు దులుపుకుంటారు. ఇది మరీ ప్రమాదం. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే యంత్రం రేకంతా కరెంటే.

మన్ను దొరికే చోటు చూసి, కనీసం రెండున్నర మీటర్ల జీఐ గొట్టాన్ని గుంటలో దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. ఎండాకాలంలో గుంట ఎండిపోతే ఎర్తు పనిచేయదు. నీళ్ళు పోస్తుండాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే కరెంటు దారి తప్పిన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. ఏసీ ఖరీదు ముందు దాని ఖరీదు ఎంత?

ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా నడిస్తే సుమారు ఒకటిన్నర కిలోవాట్ల కరెంటు లాగుతుంది. దీనికి వేరే తీగ, వేరే ఎంసీబీ ఉండాలి. ఫ్యాను తీగనుంచి కలపరాదు. అదనపు లోడు రాయించుకోకుండా ఊళ్ళో పది ఏసీలు నడిస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలేది, చీకట్లో కూర్చునేది ఊరంతా.

ఏ రుతువుకు ఏ పని

శివరాత్రి వెళ్ళగానే, మెకానిక్‌లకు తీరిక ఉన్నప్పుడే సర్వీసు చేయించాలి. మే నెలలో పిలిస్తే తొందరలో వస్తారు, తొందరలో పోతారు. కరెంటు తీసేసి బయటి పెట్టె రెక్కలను నీటితో కడగాలి. మన ప్రాంతంలో కళ్ళాల్లోని మిరప దుమ్ము, పత్తి నూగు, పిడుగురాళ్ళ వైపు సున్నపు దుమ్ము ఆ రెక్కల మధ్య పేరుకుని గాలి ఆడనీయవు. నీటి గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టిందేమో, పెట్టెలో బల్లులు దూరాయేమో, ఎలుకలు తీగలు కొరికాయేమో చూడాలి. లోపలి బోర్డు మీద బల్లి పడిందంటే వేలల్లో ఖర్చు.

ఉగాది నుంచి రోహిణి కార్తె దాకా రెండు వారాలకొకసారి లోపలి జల్లెడను ఇంట్లోవాళ్ళే తీసి కడిగి, నీడన ఆరబెట్టి పెట్టుకోవచ్చు. దీనికి మెకానిక్ అక్కరలేదు. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు 24 డిగ్రీల మీదే మొదలయ్యేలా వస్తున్నాయి. దాన్ని 18కి దించితే గది తొందరగా చల్లబడదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 24 మీద ఉంచి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే సరిపోతుంది.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. తలుపులన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి, దోమల పొగ పెట్టడం ప్రాణాపాయం.

వానలు పడ్డాక ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఎంసీబీ దించాలి. చలికాలంలో వాడకపోతే, పూర్తిగా ఆరిన తర్వాత బయటి పెట్టెపై పైభాగం మాత్రమే కప్పాలి. గోనె చుట్టేస్తే ఎలుకలకు ఇల్లు కట్టిచ్చినట్టే.

అధికారులు చూడాలి

వేసవికి ముందు విద్యుత్ సిబ్బంది ఊరూరా ఒక రోజు ఎర్తుల తనిఖీ పెట్టి, అదనపు లోడు దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకుంటే బాగుంటుంది. ఊళ్ళో ఐటీఐ చదివిన కుర్రాళ్ళకు ఈ పని సక్రమంగా నేర్పితే వారికి ఉపాధి, ఊరికి భద్రత. తీగ తెగినా, స్తంభానికి షాకు కొడుతున్నా 1912కు ఫోను చేయాలి గాని తామే పట్టుకోరాదు.

మా ఇంట్లో ఇప్పుడు పెరట్లో ఎర్తు గుంట ఉంది. నట్టు మార్చాక మళ్ళీ గ్యాసు నింపే పని పడలేదు. రోజూ తులసికోటకు నీళ్ళు పోసే అమ్మ, అదే చేత్తో ఆ గుంటలోనూ ఒక చెంబు పోసి వస్తోంది. పెట్టె మాత్రం ముట్టుకోవడం మానేసింది.