ఐగుప్తులో వడగండ్లు

చింతామణి, బాగేపల్లి రైతుబిడ్డలకు వడగండ్ల వాన యెట్టిదో మేము చెప్పనక్కరలేదు. బైబిలులోని నిర్గమకాండము ప్రకారము, ఇశ్రాయేలీయులను దాస్యమునుండి విడువని ఐగుప్తు రాజు ఫరోపై వచ్చిన పది తెగుళ్లలో ఏడవది ఇదియే.

పశువులను ఇండ్లకు చేర్చుకొనుడని మోషే ముందునాడే హెచ్చరించెను. ఫరో సేవకులలో కొందరు చేర్చిరి. లక్ష్యపెట్టనివారు పొలములోనే విడిచిరి. మాట విన్నవారును ఐగుప్తీయులే! చదువరులు పలువురు ఈ సంగతిని దాటిపోవుదురు. యవలును నారపైరును నాశనమయ్యెను. గోధుమ వెనుకటి పైరగుటచే మిగిలెను.

ఫరోయు తన తప్పు ఒప్పుకొనెను. వాన వెలిసినంతనే మాట తప్పెను. ఉరుము వినబడునంతవరకే నిలుచుదానిని విధేయత యనుటకు మాకు మనసొప్పదు. ఆ సేవకులో, ఒక్క వడగల్లైనను రాలకముందే పశువులను ఇంటికి తోలుకొని వచ్చిరి.