తక్కువ పిండిపదార్థాల ఆహారం – భద్రతా నియమాలు: గుంటూరు, ప్రకాశం మెట్టప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
మధుమేహం, స్థూలకాయం ఉన్నవారు అన్నం తగ్గించుకోవడం గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నేడు సాధారణమైంది. ఈ ఆహారవిధానం చాలామంది భావిస్తున్నట్లు కేవలం వంటింటి మార్పు కాదు. అది మందుల మోతాదునూ, శరీరంలోని నీరు, ఉప్పుల నిల్వనూ మార్చే చికిత్స. ఈ ప్రాంతపు ఆహారచరిత్ర, నీటి స్వభావం, పొలం పనుల ఆధారంగా అందులోని పొరపాట్లను, వాటిని నివారించే మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పిండిపదార్థాలు, మధుమేహం, కీటోసిస్, చిరుధాన్యాలు, పలనాడు, ప్రకాశం.

1. ఉపోద్ఘాతం:
మనిషికి శక్తినిచ్చే ప్రధాన పోషకాలు మూడు: పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు. రోజుకు 130 గ్రాములకు లోపు పిండిపదార్థాలు ఉండే ఆహారాన్ని సాధారణంగా 'లో-కార్బ్' ఆహారమని, 20 నుంచి 50 గ్రాములకు పరిమితమైనదాన్ని 'కీటోజెనిక్' ఆహారమని వ్యవహరిస్తున్నారు. కీటోజెనిక్ ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛరోగ చికిత్సకు ప్రతిపాదించాడు. అంటే అది పుట్టుకతోనే వైద్యుని పర్యవేక్షణలో సాగవలసిన చికిత్స. ఈ విషయాన్ని విస్మరించడం వల్లనే అనేక ప్రమాదాలు కలుగుతున్నాయి.

2. కంచంలో వచ్చిన మార్పు:
కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల ప్రాంతాలు వరికి ప్రసిద్ధం. పలనాడు, పశ్చిమ ప్రకాశం మెట్టభూముల్లో మాత్రం జొన్న, సజ్జ, వరిగ, కొర్ర ప్రధానాహారంగా ఉండేవి. పలనాటి జొన్నకూటిని ఎత్తిపొడుస్తూ శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు సాహిత్య విద్యార్థులకు సుపరిచితాలు. 1967లో నాగార్జునసాగర్ నీరు కాలువల్లోకి రావడంతోనూ, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని చేపట్టడంతోనూ వరి అన్నం మెట్ట ఇళ్లలోనూ నిత్యాహారమైంది. మెట్టచేలల్లో పత్తి, మిరప విస్తరించాయి. తిండిగింజలు పండించే రైతు తిండిగింజలు కొనుక్కునే రైతుగా మారాడు.

రోజుకు 400 గ్రాముల బియ్యం తినే వ్యక్తికి ఒక్క అన్నం నుంచే సుమారు 310 గ్రాముల పిండిపదార్థాలు అందుతాయి. రోజంతా చేనులో వంగి పనిచేసిన తరానికి ఇది ఖర్చయ్యేది. కూర్చొని పనిచేసే తరానికి అది నిల్వగా మిగులుతుంది. కాబట్టి అన్నం తగ్గించాలన్న ఆలోచనలో దోషం లేదు. ఎంత తగ్గించాలి, ఎవరు తగ్గించాలి, తగ్గించిన చోట ఏమి చేర్చాలి అన్నవే అసలు ప్రశ్నలు.

3. తెలుగునాట ప్రచారం:
2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహారవిధానం కోస్తా జిల్లాల్లో విస్తృతంగా వ్యాపించింది. ధాన్యాలను పూర్తిగా మానడం, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవడం ఇందులోని ముఖ్య నియమాలు. బరువు తగ్గామని చెప్పినవారు ఎందరో ఉన్నారు. వైద్యుల నుంచి తీవ్రమైన అభ్యంతరాలూ వచ్చాయి. అంతకు ముందే మంతెన సత్యనారాయణరాజు బోధించిన ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారం ఇక్కడ ఆదరణ పొందింది. ఈ రెండూ పరస్పర భిన్నమైన పద్ధతులు. ఒకదాని నుంచి కొంత, మరొకదాని నుంచి కొంత తీసుకొని సొంతంగా కలుపుకోవడం మంచిది కాదు. దానికి కారణం శరీరధర్మంలో ఉంది.

4. శరీరంలో జరిగే మార్పు:
శరీరం పిండిపదార్థాలను గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ, కండరాల్లోనూ దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు కలిసి ఉంటుంది. పిండిపదార్థాలు తగ్గగానే ఈ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది. మొదటి వారంలో తగ్గే బరువులో అధికభాగం కొవ్వు కాదు, నీరే. రక్తంలో ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు సోడియాన్ని కూడా ఎక్కువగా విసర్జిస్తాయి. తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టుకోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఇందువల్లనే కలుగుతాయి. ఈ స్థితిలో ఉప్పును పూర్తిగా మాని నాలుగు లీటర్ల నీరు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అధిక రక్తపోటు ఉన్నవారు ఎంత ఉప్పు తీసుకోవాలో వైద్యుడే నిర్ణయించాలి.

5. సాధారణంగా జరిగే పొరపాట్లు:
మొదటిది, చిరుధాన్యాలను తక్కువ పిండిపదార్థాల ఆహారంగా భావించడం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థాలు ఉండగా, జొన్నల్లో 68, సజ్జల్లో 62, కొర్రల్లో 60 గ్రాముల వరకు ఉంటాయి. కందిపప్పులోనూ 55 గ్రాములు ఉంటాయి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, అది మేలే. కాని 'కొర్రన్నం ఎంత తిన్నా చక్కెర పెరగదు' అన్న నమ్మకానికి ఆధారం లేదు.

రెండవది, అన్నం తీసేసి ఆ స్థానాన్ని ఖాళీగా వదలడం. దీనివల్ల కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మూడవది, ఆ ఖాళీని వెన్న, మీగడ, కొబ్బరినూనెలతో మాత్రమే నింపడం. కొబ్బరినూనెలో దాదాపు తొంభై శాతం సంతృప్త కొవ్వు. కొందరిలో అది చెడు కొలెస్టరాల్‌ను గణనీయంగా పెంచుతుంది. ఈ ప్రాంతంలోనే దొరికే వేరుశనగ, నువ్వులు ఇంతకంటె మేలైనవి. నాల్గవది, కూరగాయలు తగ్గించి మాంసం, గుడ్లతోనే గడపడం. పీచు లోపించి మలబద్ధకం ఏర్పడుతుంది. బీర, సొర, దోస, వంకాయ, తోటకూర, గోంగూర ఏ పరిమితికీ అడ్డురావు.

అయిదవ పొరపాటు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది. పశ్చిమ ప్రకాశంలోని కనిగిరి పరిసరాల్లో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ అధికం. దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి బాధితులు కూడా ఆ ప్రాంతంలో గణనీయంగా ఉన్నారు. ఈ వ్యాధి తొలిదశలో లక్షణాలు చూపదు. తనకు వ్యాధి ఉన్నదని తెలియని వ్యక్తి అధికమాంసకృత్తుల ఆహారాన్ని చేపడితే మూత్రపిండాలపై భారం పెరుగుతుంది. కాబట్టి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించకుండా ఈ ఆహారాన్ని ప్రారంభించరాదు.

6. మందుల మోతాదు:
అన్నింటికంటె ప్రాణాంతకమైన పొరపాటు, ఆహారం మార్చి మందులు మార్చకపోవడం. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మందులను రోగి అప్పటివరకు తిన్న అన్నాన్ని బట్టి వైద్యుడు నిర్ణయించి ఉంటాడు. అన్నం సగమై మందు అలాగే ఉంటే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గి చెమటలు, వణుకు, తడబాటు, చివరికి స్పృహ కోల్పోవడం సంభవిస్తాయి. అప్పుడు నియమం తప్పుతుందని సంకోచించరాదు. మింగగల స్థితిలో ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదారను నీటిలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులది మరో ప్రమాదం. వీటిని వాడుతూ పిండిపదార్థాలను బాగా తగ్గిస్తే కీటోఅసిడోసిస్ ఏర్పడవచ్చు. అప్పుడు రక్తంలో చక్కెర మామూలుగానే కనిపించవచ్చు కనుక ఇంటిదగ్గరి గ్లూకోమీటర్ దీన్ని పట్టుకోలేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం దీని సూచనలు. రక్తపోటు మందులు వాడేవారిలో బరువు, నీరు తగ్గేకొద్దీ రక్తపోటు అతిగా పడిపోవచ్చు. అలాగని ఏ మందునూ సొంతంగా మానరాదు. టైప్-1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండవ్యాధిగ్రస్తులు కఠినమైన పద్ధతుల జోలికి పోకూడదు.

7. పొలం పనులు, ఎండ:
మిరపకోతలు జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగుతాయి. రెంటచింతల వంటి చోట్ల ఎండ తీవ్రత ప్రసిద్ధం. కోతల్లోనూ, కల్లాల్లోనూ పనిచేసేవారు చెమట ద్వారానే నీటిని, ఉప్పును కోల్పోతారు. అదే సమయంలో కొత్తగా పిండిపదార్థాలను తగ్గిస్తే ఆ నష్టం రెట్టింపవుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఇక్కడ రుచికోసం కాదు, అవసరంకోసం.

పత్తి, మిరప చేలల్లో పురుగుమందు పిచికారీ చేసేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషప్రభావం వల్ల కలిగే చెమటలు, నీరసం, వణుకు, కళ్లు తిరగడం రక్తంలో చక్కెర పడిపోయినప్పటి లక్షణాలను పోలి ఉంటాయి. ఒకదాన్ని మరొకటిగా పొరబడితే చికిత్స ఆలస్యమవుతుంది. మధుమేహానికి మందులు వాడుతూ ఆహారం మార్చుకున్న వ్యక్తి ఆ రోజుల్లో పిచికారీ పనికి దూరంగా ఉండడం ఉత్తమం. తప్పనిసరి అయితే తన మందుల సంగతి తోటివారికి తెలిపి ఉండాలి.

8. ఆచరణీయ మార్గం:
ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఆధారంగా 2022లో వెలువడిన పరిశోధన, కొత్తగా మధుమేహం బయటపడినవారికి మొత్తం శక్తిలో పిండిపదార్థాల వాటాను 49 నుంచి 54 శాతానికి తగ్గించి, మాంసకృత్తులను 20 శాతం దగ్గరకు పెంచడాన్ని సూచించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తిని 45 శాతానికి పరిమితం చేయమంటున్నాయి. ఇవేవీ అన్నాన్ని నిషేధించడం లేదు.

రోజుకు 2000 కిలోకేలరీలు అవసరమైన వ్యక్తికి 50 శాతం అంటే 250 గ్రాముల పిండిపదార్థాలు. ఇప్పుడు 350 గ్రాములు తింటున్నవారు సుమారు 130 గ్రాముల బియ్యం, అంటే దాదాపు ఒకపూట అన్నం తగ్గిస్తే చాలు. అలా తగ్గిన 400 కిలోకేలరీలను గుప్పెడు వేరుశనగలు, రెండు గుడ్లు, ఒక గిన్నె పెరుగు భర్తీ చేస్తాయి. శాకాహారులు గుడ్లకు బదులు పనీర్ లేదా సోయా వాడవచ్చు. ఈ మార్పును రెండు మూడు వారాల్లో క్రమంగా చేయాలి. మందులు వాడేవారు మొదటి రోజునుంచే చక్కెరను తరచుగా పరీక్షించుకొంటూ, ఆ లెక్కను వైద్యునికి చూపాలి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, కొలెస్టరాల్, క్రియాటినిన్ పరీక్షలు మళ్లీ చేయించాలి.

9. ముగింపు:
పిండిపదార్థాలను తగ్గించడం వల్ల మేలు ఉంది. కాని ఆ మేలు కఠినత్వం పెరిగేకొద్దీ పెరగదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. కనిగిరిలో మూత్రపిండాల స్థితి, రెంటచింతలలో ఎండ, పత్తిచేలో పిచికారీ, మందులడబ్బాలోని మాత్ర — ఇవన్నీ కంచంలోని అన్నం ముద్దతో ముడిపడి ఉన్నాయి. ఈ సంబంధాన్ని గుర్తించి, పరీక్షతో మొదలుపెట్టి, మందును సవరించుకొని, తగ్గించిన చోట సరైన ఆహారాన్ని చేర్చినప్పుడే ఈ ఆహారవిధానం సురక్షితమవుతుంది.