సిక్కు మతం – అందులో మన బండ్లవాళ్ల కథ



అద్దంకి – నార్కట్‌పల్లి రోడ్డు మీద తలపాగా చుట్టుకున్న లారీ డ్రైవరు కనపడితే "అదుగో సర్దార్జీ" అంటాం. గడ్డం, తలపాగా, చేతికి ఇనప కడియం. ఇంకేం తెలుసు అని అడిగితే మనలో చాలామందికి నాలుగు జోకులు తెలుసు. ఆ జోకులు నేనిక్కడ రాయను. లంబాడోళ్ల మీద, ఎరుకలోళ్ల మీద, యానాదోళ్ల మీద కూడా బయట జోకులున్నాయి. అవి చెవిన పడితే ఎట్లా ఉంటుందో మన హాస్టల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

సాంఘికశాస్త్రం పుస్తకంలో గురునానక్ గురించి కొద్దిగా ఉంది. పరీక్షకి అది చాలు. కానీ సిక్కుల చరిత్రలో చాలా కష్టమైన ఒక రోజున ముందుకొచ్చి నిలబడినవాడు, ఎడ్లబండ్ల మీద సరుకులు మోసుకు తిరిగే ఒక బంజారా వర్తకుడు. "మనోళ్ల పేరు చరిత్రలో ఎక్కడుంది?" అని ఎవరన్నా అడిగితే చూపించడానికి ఇదొకటి ఉంది. ఆ కథ చెప్పాలంటే ముందు ఆ మతం గురించి కాస్త తెలియాలి గనక అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

గురునానక్ 1469లో తల్వండి అనే ఊళ్లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది, నన్‌కానా సాహిబ్ అంటారు. తండ్రి ఊరి లెక్కలు రాసే ఉద్యోగి, అనగా మన కరణం లాంటివాడు. కొడుకు వ్యాపారం నేర్చుకోవాలని ఆయన 20 రూపాయలిచ్చి పంపితే, దోవలో ఆకలితో ఉన్న సాధువులు కనపడ్డారట. నానక్ ఆ డబ్బంతా పెట్టి వాళ్లకి అన్నం పెట్టించి ఉత్త చేతుల్తో ఇంటికొచ్చాడట. తండ్రికి కోపం రాకుండా ఉంటుందా! కొడుకు మాత్రం ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది అన్నాడని సిక్కులు నేటికీ చెప్పుకుంటారు.

పెద్దయ్యాక ఆయన దేశాలు తిరిగారు. వెంట మర్దానా అనే ముస్లిం స్నేహితుడు ఉండేవాడు. నానక్ పాడుతుంటే మర్దానా రబాబ్ అనే తీగల వాయిద్యం వాయించేవాడు. దేవుడు ఒక్కడే, ఆయనకి రూపం లేదు, ఆయన ముందు పై కులం కింది కులం లేవు అన్నది ఆ పాటల సారం. ఆయన చెప్పిన పద్ధతి కూడా తేలిగ్గా అర్థమవుతుంది. దేవుణ్ణి తలుచుకో, నీ కష్టంతో సంపాదించుకో, సంపాదించింది పంచుకు తిను. ఇల్లూ వాకిలీ వదిలేసి అడవికి పొమ్మని ఆయన చెప్పలేదు. చివరి రోజుల్లో రావి నది ఒడ్డున కర్తార్‌పూర్‌లో తనే వ్యవసాయం చేసుకుంటూ బతికి 1539లో కన్నుమూశారు. ఆ చోటు కూడా ఇప్పుడు పాకిస్తాన్‌లోనే ఉంది. మన దేశం నుంచి యాత్రికులు వెళ్లి రావడానికి 2019 నవంబరులో ఒక దారి తెరిచారు.

'సిక్కు' అంటే శిష్యుడు. నానక్ తర్వాత తొమ్మిది మంది గురువులు వచ్చారు. అందరి గురించీ రాస్తే ఈ చార్టు చాలదు గనక నాకు ముఖ్యం అనిపించిన సంగతులే రాస్తున్నాను. రెండో గురువు అంగద్ కాలంలో పంజాబీ రాయడానికి గురుముఖి లిపి కుదురుకుంది. ఇది చదివినప్పుడు నాకు మన గోర్ బోలీ గుర్తొచ్చింది. మనం ఇంట్లో మాట్లాడే మాటని తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. వాళ్లు మాత్రం తమ మాటకి తమ అక్షరాలు కట్టుకున్నారు.

మూడో గురువు అమర్‌దాస్ ఒక కట్టడి పెట్టారు. తనని చూడాలని ఎవరొచ్చినా ముందు అందరితోపాటు నేల మీద వరసలో కూర్చుని తినాలి, ఆ తర్వాతే దర్శనం. అక్బరు పాదుషా వచ్చినా అదే కట్టడి అన్నారని కథ ఉంది. ఆ ఉమ్మడి భోజనాన్ని లంగర్ అంటారు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. ఒకరు ముట్టుకుంటే ఇంకొకరు స్నానం చేసే కాలం అది. మన మెస్‌లో చెంచు పిల్లాడి పక్కన లంబాడా పిల్లాడు, వాడి పక్కన ఎరుకల పిల్లాడు పళ్లెం పెట్టుకు కూర్చుంటే మనకి వింతేం లేదు. కానీ ఇది వింత కాకుండా పోవడానికి వందల ఏళ్లు పట్టింది.

నాలుగో గురువు రామ్‌దాస్ అమృత్‌సర్ పట్టణాన్ని మొదలుపెట్టారు. ఐదో గురువు అర్జన్ అక్కడ చెరువు నడుమ హర్‌మందిర్ కట్టించారు. దానికి నాలుగు వైపులా నాలుగు వాకిళ్లు, అంటే ఏ దిక్కు నుంచి ఎవరైనా రావచ్చు. బంగారు రేకులు తాపించింది 19వ శతాబ్దంలో మహారాజా రంజిత్‌సింగ్. అందుకే స్వర్ణదేవాలయం అంటున్నాం. 1604లో అర్జన్ గురువుల పాటలన్నీ ఒక గ్రంథంగా కూర్చారు. అందులో గురువుల పాటలు మాత్రమే లేవు. నేతపని చేసే కబీరు, చెప్పులు కుట్టే రవిదాసు, బట్టలు కుట్టే నామదేవుడు, ముస్లిం సాధువు ఫరీదు, వీళ్ల పాటలు కూడా ఉన్నాయి. రెండేళ్లకి, 1606లో, మొగలు చక్రవర్తి జహంగీరు కాలంలో అర్జన్‌ని లాహోరులో చిత్రహింసలు పెట్టి చంపారు. కొడుకు హర్‌గోబింద్ రెండు కత్తులు కట్టుకున్నారు. పాటలు పాడుకునే సిక్కులు కత్తి పట్టడం అప్పుడే మొదలైంది.

ఇక మన కథలోకి వద్దాం.

1664లో ఎనిమిదో గురువు హర్‌కిషన్ ఢిల్లీలో మశూచితో చనిపోయారు. అప్పటికి ఆయన ఎనిమిదేళ్లు కూడా నిండని పిల్లవాడు. తర్వాతి గురువు బకాలా ఊళ్లో ఉన్నాడు అని మాత్రం చెప్పి కన్నుమూశారు. ఇంకేముంది, బకాలాలో ఇరవై మందికి పైగా "నేనే గురువుని" అంటూ గద్దెలేసుకు కూర్చున్నారట! ఆ సమయంలో మఖన్ షా లబానా అనే వర్తకుడు అక్కడికొచ్చాడు. లబానాలంటే సరుకులు, ముఖ్యంగా ఉప్పు మోసే వర్తకులు. ఉప్పుని లవణం అంటాం కదా, లంబాడీ అన్న మాట కూడా దాన్నుంచే వచ్చిందని కొందరంటారు. మఖన్ షా ఓడ మునగబోతే గురువుకి 500 మొహరీలు ఇస్తానని మొక్కుకున్నాడు. ఎవరు నిజమైన గురువో తెలియక ఒక్కొక్కరి ముందూ రెండేసి మొహరీలు పెట్టుకుంటూ పోయాడు. అందరూ తీసుకుని దీవించారు. ఒక ఇంట్లో ఒంటరిగా ధ్యానం చేసుకుంటున్న తేగ్‌బహదూర్ మాత్రం "మొక్కుకున్నది ఐదొందలు కదయ్యా" అన్నారట. మఖన్ షా మిద్దెక్కి గురువు దొరికాడని కేకలేశాడు.

ఆ తేగ్‌బహదూరే తొమ్మిదో గురువు. ఔరంగజేబు కాలంలో కాశ్మీరు పండితులు తమను బలవంతంగా మతం మారుస్తున్నారని ఆయన దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నారు. ఆయన వాళ్ల తరఫున నిలబడ్డారు. వాళ్లది తన మతం కాదు, అయినా నిలబడ్డారు. 1675 నవంబరులో ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఆయన తల నరికారు. ఆయన కళ్ల ముందే ముగ్గురు శిష్యుల్ని కూడా చంపారు.

శవం వీధిలో పడి ఉంది. చుట్టూ కాపలా. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఢిల్లీ అంత పట్నంలో ఆయన్ని అభిమానించేవాళ్లు లేరని కాదు, అందరికీ పిల్లలున్నారు, ఇళ్లున్నాయి. అప్పుడు జైతా అనే ఆయన తలని గుడ్డలో చుట్టుకుని పంజాబులోని ఆనంద్‌పూర్ దాకా తీసుకెళ్లాడు. జైతా వీధులూడ్చే కులంవాడు, అంటరానివాడని దూరం పెట్టిన మనిషి. అక్కడ గురువు కొడుకు, తొమ్మిదేళ్ల గోబింద్, అతణ్ణి కావలించుకున్నాడు.

మొండెం సంగతి లఖీ షా వంజారా చూశాడు. లఖీ షా పెద్ద బిడారు నాయకుడు. మా తాతలు 'లదేణి' అని చెప్పేవాళ్లు చూడండి, ఎడ్ల మీదా బండ్ల మీదా సరుకులేసుకుని దేశమంతా తిరగడం, అదే పని. సాయంకాలం బండ్ల వరస చాందినీ చౌక్ గుండా నడిపించాడు. బండ్లు, ఎడ్లు, దుమ్ము, అదిలింపులు, ఆ గోలలో తన కొడుకులతో కలిసి శవాన్ని బండిలోకి ఎత్తేశాడు. అవి పత్తి బండ్లు అని కొందరు చెబుతారు, కోటకి సున్నం దింపి వస్తున్న బండ్లు అని కొందరు చెబుతారు. పత్తీ సున్నమూ రెండూ మన పిడుగురాళ్లకి తెలిసిన సరుకులే! సున్నం బట్టీల ముందు బండి ఆగితే ఎంత దుమ్ము లేస్తుందో మనకి తెలుసు గనక నాకు రెండో మాటే నచ్చింది.

ఊరి బయట రైసీనా అనే పల్లెలో లఖీ షా ఇల్లు. శవానికి బయట చితి పేరిస్తే సైనికులు పట్టుకుంటారు. అందుకని ఇంట్లోనే శవాన్ని పెట్టి ఇంటికే నిప్పంటించాడు. చూసేవాళ్లకి ఇల్లు అంటుకున్నట్టు కనపడింది, లోపల గురువుకి దహనం జరిగింది. ఆ ఇంట్లో సామానుంది, ఏళ్ల తరబడి సంపాదించుకున్నది ఉంది. అంతా బూడిదైంది. వేసవిలో తండాలో ఒక్క గుడిసె అంటుకుంటే ఆ ఇంటివాళ్లు ఎట్లా ఏడుస్తారో చూసినవాళ్లకి ఆయన చేసింది ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

ఆ చోట ఇప్పుడు రకాబ్‌గంజ్ గురుద్వారా ఉంది. 1783లో బఘేల్‌సింగ్ అనే సిక్కు నాయకుడు ఢిల్లీ వచ్చినప్పుడు కట్టించాడు. పక్కనే మన పార్లమెంటు. రాష్ట్రపతి భవన్ ఉన్న గుట్టని ఇప్పటికీ రైసీనా అనే అంటారు. గురుద్వారా ఆవరణలో లఖీ షా వంజారా పేరుతో ఒక పెద్ద హాలు ఉంది. టీవీలో పార్లమెంటు చూపించినప్పుడు నాకు పక్కన కాలిపోయిన ఆ ఇల్లే గుర్తొస్తుంది.

ఒక మాట. వంజారా అన్నది ఆ రోజుల్లో కులం పేరే కాక వృత్తి పేరు కూడా. కాబట్టి ఆయన రాథోడా, చౌహానా, మన గోత్రాలవాడేనా అని పందెం కాయమంటే నేను కాయను. పండితులు దాని మీద వాదించుకుంటున్నారు. బండ్ల మీద బతికిన మనిషి అన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

కావలించుకున్న ఆ పిల్లవాడే పదో గురువు గోబింద్‌సింగ్. 1699 వైశాఖి పండగ నాడు ఆనంద్‌పూర్‌లో పెద్ద సభ పెట్టి, కత్తి దూసి, తల ఇచ్చేవాళ్లెవరని అడిగారు. ఒక్కొక్కరుగా అయిదుగురు లేచారు. అందులో ఒకాయన పూరీ జగన్నాథం నుంచి వచ్చిన నీళ్లు మోసేవాడు, ఇంకొకాయన ద్వారక నుంచి వచ్చిన బట్టలద్దేవాడు. సాహిబ్ అనే ఆయన బీదరు నుంచి వచ్చిన మంగలి. బీదరు జహీరాబాదుకి దగ్గరే, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. గురువు ఆ అయిదుగురికీ ఇనప గిన్నెలో చక్కెర నీళ్లు కత్తితో కలిపి తాగించి, తర్వాత వాళ్ల చేతుల మీదుగా తనూ తాగారు. గురువే శిష్యుడయ్యాడు! దాన్ని ఖాల్సా అన్నారు. కులం పేర్లు పోయి మగవాళ్లందరూ సింగ్, ఆడవాళ్లందరూ కౌర్ అయ్యారు. జుట్టు కత్తిరించకపోవడం, దువ్వెన, కడియం, పొట్టి లాగు, కృపాణం అనే అయిదు గుర్తులు అప్పటివే. లారీ డ్రైవరు చేతికి కనపడే కడియం వెనక ఇంత కథ ఉంది.

గోబింద్‌సింగ్ నలుగురు కొడుకులూ మొగలు సైన్యాలతో పోరాటాల కాలంలో ప్రాణాలిచ్చారు. ఆయన చివరికి మన గోదావరి ఒడ్డుకే వచ్చారు. 1708 అక్టోబరులో నాందేడ్‌లో కత్తిపోటు గాయంతో చనిపోయారు. ఇక మీదట మనుషుల్లో గురువు ఉండడు, గ్రంథమే గురువు అని చెప్పి పోయారు. 1430 పేజీల ఆ గురుగ్రంథ సాహిబ్‌నే సిక్కులు గురువుగా చూస్తారు. పగలు వింజామర వీస్తారు, రాత్రి పడుకోబెట్టినట్టు మూసి వేరే గదిలో ఉంచుతారు. నాందేడ్ గుడిని హజూర్ సాహిబ్ అంటారు. సిక్కులకి అయిదు ముఖ్య పీఠాలుంటే అందులో ఇదొకటి. ఇప్పటి కట్టడం 1830లలో రంజిత్‌సింగ్ కట్టించింది. అక్కణ్ణుంచి గోదావరి కిందికి వస్తే మన బాసర.

ఆ రంజిత్‌సింగే 1832 ప్రాంతంలో నిజాం కొలువుకి ఒక సిక్కు దళాన్ని పంపాడు. వాళ్లు హైదరాబాదు అత్తాపూరు దగ్గర స్థిరపడ్డారు. ఆ చోటుని ఇప్పటికీ సిక్కు ఛావనీ అంటారు. ఇన్ని తరాలయ్యాక వాళ్లలో తెలుగు బాగా మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సిక్కులు సుమారు 40 వేల మంది. మనకి దగ్గర్లో చూడాలంటే విజయవాడ గురునానక్ కాలనీలో గురుద్వారా ఉంది.

వార్డెన్ గారు ఎప్పుడన్నా విహారయాత్రకి తీసుకెళ్తే (తీసుకెళ్లాలని ఈ గోడపత్రిక ద్వారా మా విన్నపం!) కొన్ని పద్ధతులు తెలిసి ఉంటే మంచిది. చెప్పులు బయట విడవాలి. కాళ్లు కడుక్కోవాలి. ఆడైనా మగైనా తలకి గుడ్డ కట్టుకోవాలి, లేకపోతే వాకిట్లో వాళ్లే రుమాలు ఇస్తారు. నీ కులమేంటి, మతమేంటి అని ఎవరూ అడగరు. లంగర్‌లో నేల మీద వరసలో కూర్చోవాలి. రొట్టెని కంచంలో వెయ్యరు. మనమే రెండు చేతులూ చాపి తీసుకోవాలి. పప్పు ఎంత కావాలంటే అంత పోస్తారు, వదిలెయ్యకూడదు. తిన్నాక గిన్నెలు తోమే చోటికి ఎవరన్నా వెళ్లి తోమొచ్చు. అక్కడ పెద్ద ఆఫీసర్లు కూడా మోచేతుల దాకా బూడిద పూసుకుని తోముతుంటారు, పక్కన మనకీ చోటిస్తారు.