విత్తనపు రసీదు, ఒడంబడిక కాగితము

తొలకరి పడినతోడనే రైతు వెదకునది మేలైన విత్తనము. అది మొలవకున్నను, చెప్పిన రకము కాకున్నను నష్టము సంచి వెలతో ముగియదు. దుక్కి, ఎరువు, కూలి, పదును అన్నియు వృథాయగును. పోయిన కారు మరల రాదు. అట్టి సమయమున మాకు దిక్కెవ్వరని సభ్యులు మమ్మడుగుచున్నారు. కావున ఈ సంగతులను విన్నవించుచున్నాము.

ఒడంబడిక యనగా ఇరువురు తమ యిష్టముతో చేసికొను కట్టుబాటు. స్వేచ్ఛగా నొసగిన సమ్మతి యుండవలెనని 1872 నాటి ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. కాని తరచుగా షరతులన్నియు కంపెనీవారే అచ్చువేయించి తెత్తురు. రైతు వ్రేలిముద్ర వేయును. బలవంతునకును బలహీనునకును గల యీ యంతరమును తగ్గించుటకు ప్రభుత్వము 1986లో వినియోగదారుల రక్షణ చట్టమును చేసెను. దాని స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఇందుకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యమే నిదర్శనము. వారు జాతీయ విత్తన సంస్థవారి విత్తనములు నాటి నష్టపడిరి. వారిలో కొందరు సంస్థకే విత్తనము పండించి యిచ్చుటకు ఒడంబడిక వ్రాసినవారు. సంస్థవారు ఇది వ్యాపారమనియు, వీరు వినియోగదారులు కారనియు, తగవు మధ్యవర్తి యొద్దనే తీరవలెననియు, విత్తనమును పరీక్షింపలేదనియు వాదించిరి. 2012 జనవరి 16వ తేదీన సుప్రీంకోర్టు ఆ వాదములను త్రోసివేసెను. రైతు వినియోగదారుడే, మధ్యవర్తి షరతు ఫిర్యాదునకు అడ్డు కాదు, గింజలన్నియు నేలలో చల్లినవాడు పరీక్షకై కొంత దాచియుండవలెననుట న్యాయము కాదు. ఇదియే తీర్పు సారాంశము.

అయినను న్యాయము సాక్ష్యమును కోరును. వాన లేక ఎండిన పంటకు విత్తనము అమ్మినవాడు బాధ్యుడు కాడు. కనుక సభ్యులు ఈ జాగ్రత్తలు పాటింపవలెను. రకము, లాటు నంబరు, వెల వ్రాసిన రసీదు లేక విత్తనము కొనరాదు. ఖాళీ సంచిని, దాని చీటిని పంట యింటికి వచ్చువరకు భద్రపరుపవలెను. లోపము కనబడగానే వ్యవసాయాధికారికి వ్రాతమూలమున తెలిపి, పైరు నిలిచియుండగనే పొలమును చూపవలెను.

ఫిర్యాదును రెండేండ్లలోపల, తాము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషను నందే దాఖలు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకున్నను చెల్లును. నష్టపడినవారు పలువురైనచో కమిషను అనుమతితో ఒక్కటిగా ఫిర్యాదు చేయవచ్చును. సలహాకు 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. ఒడంబడికలోని షరతులే అన్యాయమైనవని చెప్పదలచినచో రాష్ట్ర కమిషను నాశ్రయింపవలెను.

సోదరులారా! చట్టము మనకు అండయే గాని, మన మెలకువకు బదులు కాదు. చదువురానివారు వ్రేలిముద్ర వేయుటకు ముందు ఆ కాగితమును నమ్మకస్థులచే చదివించి వినుడు. ఒక ప్రతిని తప్పక అడిగి తీసికొనుడు. ఆనాడు గడిపిన అరగంట రేపు ఒక కారు పంటను కాపాడవచ్చును.